ఆ పాటలో మోగే పళ్లెం మాదే

పోయిన నెలలో నరసాపురం రేవులో గోదావరి దాటడానికి పంటు ఎక్కాను. అవతల సఖినేటిపల్లిలో దూరపు చుట్టాలింట ఒడుగు. పంటు మీద మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల ఆటో, ఖాళీ చేపల బుట్టలు బోర్లించుకుని వాటి మీదే కూర్చున్న ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నేను. నా పక్కన ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు ఫోనులో పాట పెట్టుకుని వింటున్నారు. గిటారు, దాని మీద కాస్త జీరగా ఒక ఆడపిల్ల గొంతు. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు వెనకాల సన్నగా, తాపీగా, టింగుమని ఒక చప్పుడు మొదలైంది. "ఆ టింగుటింగుమనేది ఏంటే?" అని ఒకమ్మాయి అడిగితే, "ఏదో ఫారిన్ వాయిద్యంలే. లేకపోతే కంప్యూటర్లో చేసుంటారు," అంది రెండో అమ్మాయి. నాకు నోరు మూసుకుని ఊరుకోవడం చిన్నప్పట్నించీ చేతకాదు. "ఫారినూ కాదు, కంప్యూటరూ కాదమ్మా. అది మా అత్తగారి కంచు పళ్లెం," అన్నాను. ఇద్దరూ నన్నొకసారి, నా పట్టుచీరనొకసారి చూసి, "అలాగాండీ," అని ఎంతో మర్యాదగా తలూపి, మెల్లిగా కొబ్బరికాయల ఆటో అవతలికి జరిగిపోయారు. మా వైపు పిల్లలు పిచ్చివాళ్ళనైనా అండీ అనకుండా వదలరు.

వాళ్ళని అనుకుని లాభం లేదు. ఉన్నట్టుండి ఒక పెద్దావిడ పక్కకొచ్చి ఫోన్లో మోగేది మా ఇంటి పళ్లెం అంటే నేనైనా అలాగే జరిగేదాన్ని. కానీ అది నిజం. పాడిన అమ్మాయి మా అక్క కూతురు. పళ్లెం మా అత్తగారిది. దాన్ని మోగించినవాడు నేను కన్న కొడుకు. ఆ చప్పుడు అక్కడికి ఎలా చేరిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా అక్కావాళ్ళది రామచంద్రపురం. బావగారు అక్కడే బడిలో లెక్కల మేష్టారు. రాజమండ్రిలో చదువు బాగుంటుందని కూతుర్ని ఆరో క్లాసులో తెచ్చి మా ఇంట్లో దింపారు. మావాడు దానికంటే ఏడాది చిన్న. ఇద్దరూ ఒకే చాప మీద పడుకుని, ఒకే దువ్వెన కోసం జుట్లు పట్టుకుని పెరిగారు. మా వీధిలో సంగీతం చెప్పే పంతులమ్మగారి దగ్గర చేర్పిస్తే, ఆవిడ కొన్నాళ్ళు ఓపిక పట్టి, "గొంతులో జీర ఉందండీ, అది పోదు," అని తేల్చి చెప్పేశారు. ఆ జీర కోసమే ఇవాళ జనం డబ్బులు పెట్టి టిక్కెట్లు కొనుక్కుంటున్నారని ఆవిడకి చెప్పాలని నాకు భలే కోరిక. మావాడి సంగతి వేరే. వాడికి కనపడిందల్లా మద్దెలే. బియ్యం డబ్బా, స్కూలు బల్ల, నీళ్ళ బిందె, పడుకున్న వాళ్ళ నాన్నగారి వీపు, ఏదీ వదిలేవాడు కాదు.

మా అత్తగారు చాదస్తురాలు అని లోకం అనుకునేది. నేనూ కొన్నాళ్ళు అనుకున్నాను. దీపావళి వెళ్ళిన విదియనాడు భగినీ హస్త భోజనం జరిగి తీరాలని ఆవిడ పట్టు. ఆ రోజు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళి, వాళ్ళు స్వయంగా వండి వడ్డించింది తినాలి. తింటే వాడికి ఆయుష్షు, పెట్టినందుకు దానికి ఐదోతనం. పెద్దమ్మ కూతురంటే అక్కే కాబట్టి, పిల్ల మా ఇంటికి వచ్చిన ఏడాది నుంచే ఈ తంతు మొదలైంది. చిక్కల్లా ఎక్కడంటే ఇద్దరిదీ ఒకటే ఇల్లు. అందుకని మావాడు పొద్దున్నే గేటు బయటికి వెళ్ళి, వీధిలో కాసేపు తచ్చాడి, చుట్టంలా తిరిగొచ్చి, "అక్కయ్యగారు ఉన్నారాండీ?" అని అడిగేవాడు. అది వోణీ బొడ్లో దోపుకుని, "రండి తమ్ముడుగారూ, దయచేయండి," అనేది. ఆ పూట నేను వంటలో చెయ్యి పెట్టకూడదు. మొదటి ఏడాది అది వండగలిగింది అటుకుల ఉప్మా ఒక్కటే. దాన్ని కూడా అత్తగారు కంచు పళ్లెంలో పెట్టించి, పిల్లవాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, పళ్లెం ముందు కూర్చున్నవాడు తినకుండా లేవకూడదని గట్టిగా చెప్పి మరీ తినిపించారు.

డిగ్రీలోకి వచ్చాక పిల్లలిద్దరూ, కాలేజీలో ఇంకో ఇద్దరు స్నేహితులూ కలిసి రాక్ బ్యాండు పెట్టారు. బ్యాండంటే పెళ్ళి ఊరేగింపు ముందు ఎర్రకోట్లు వేసుకుని వాయించేదే నాకు తెలుసు. ఇది ఆల్టర్నేటివ్ రాక్ అట. సినిమా పాటా కాదు, శాస్త్రీయమూ కాదు, భజనా కాదు. "అయితే మరి ఏమిటే అది?" అని అత్తగారు అడిగితే, మా పిల్ల కాసేపు ఆలోచించి, "మాకు కోపం వచ్చినప్పుడు పాడుకునేదండీ, బామ్మగారూ," అంది. "మీకు కోపమెందుకే, మూడు పూటలా పెడుతుంటే?" అన్నారావిడ. బ్యాండుకి లాకులు అని, కాలవల్లో నీళ్ళు ఆపి వదిలే తలుపుల పేరు పెట్టారు. మావారు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసేవారు. పేరు వినగానే పొంగిపోయి మేడమీద గది ఇచ్చేశారు. తీరా వాయించడం మొదలుపెట్టాక, చేలకి నీళ్ళు వదిలినట్టే మోతకి కూడా వంతులు పెట్టారు. ఆయన మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఆ కాలవ కట్టెయ్యాలి, సాయంత్రం కాఫీ అయ్యాక వదలొచ్చు.

మోత వీధిలోకి పోకుండా గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటిస్తే మంచిదని బ్యాండులో ఒక కుర్రాడు చెప్పాడు. వాళ్ళ నాన్నది గుడ్ల హోల్‌సేల్ కొట్టు. ఒక ఆదివారం పట్టపగలు, నిష్ఠగా మడి కట్టుకునే మా ఇంటి గేటులోంచి రిక్షాబండి నిండా గుడ్ల అట్టలు లోపలికి వెళ్ళాయి. వీధి వీధంతా చూసింది. ఆ సాయంత్రమే ఎదురింటి పురోహితుడిగారి భార్య పిట్టగోడ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మీ అత్తగారికి నీరసంగా ఉంటోందాండీ? డాక్టరుగారు ఏమైనా తినమన్నారా?" అని ఎంతో సానుభూతిగా అడిగింది. వినపడని చెవులకి ఇలాంటివి మాత్రం ఎలా అందుతాయో, అత్తగారు ఆ మాట విననే విన్నారు. నేను భయపడ్డట్టు పిల్లల్ని ఏమీ అనలేదు. చెంబులో పసుపు నీళ్ళు కలుపుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ మేడెక్కి, ప్రతి అట్ట మీదా చిలకరించి, "ఇక వాయించుకోండి," అన్నారు. అప్పట్నించీ ఆవిడ కుర్చీ ఆ గది గుమ్మంలోనే ఉండేది. చెవులు సరిగా వినపడవు కాబట్టి ఆవిడకి ఆ మోత సరిగ్గా సరిపోయేదని మావారు అనేవారు.

నిజం చెప్పొద్దూ, ఆ పాటలు మొదట్లో నాకు తలనొప్పి తెప్పించేవి. కొన్నాళ్ళకి వంట చేస్తూ నేనే కూనిరాగం తీస్తున్నానని తెలుసుకుని సిగ్గుపడ్డాను. కాలేజీ ఫంక్షన్లకి కాకినాడ, భీమవరం, తణుకు తిరిగారు. పాటలన్నీ మా పిల్లే రాసేది. కానీ వాటిని అంచుల దాకా నింపేది మావాడి డ్రమ్ములు. వాడు వాయిస్తుంటే అది వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసేది, వాడు తలూపేవాడు, అది పాట అందుకునేది. ఇద్దరి మధ్యా ఆ చూపు చూడటానికే నేను మేడెక్కేదాన్ని. ఎవరి దిష్టీ తగలకూడదనుకునేదాన్ని.

తగిలింది దిష్టి కాదు, ఎదుగుదల. మా పిల్ల పాటలు మెల్లిగా మారాయి. కోపం తగ్గి, మాట పెరిగింది. ఒకసారి ఈ నరసాపురం వచ్చి, అరుగుల మీద లేసు అల్లుకునే ఆడవాళ్ళ దగ్గర ఒక పూటంతా కూర్చుని వెళ్ళి ఒక పాట రాసింది. "ఆ ఒడ్డున దీపం పెట్టి, ఈ ఒడ్డున వెతుక్కున్నా" అని మొదలవుతుంది. వంటింట్లో నాకు వినిపిస్తే కళ్ళు చెమ్మగిల్లాయి. భీమవరంలో ఒక ఫంక్షన్‌లో ఆ పాట పాడారు. డ్రమ్ములూ, కరెంటు గిటార్లూ అన్నీ కలిసి దాన్ని తొక్కేశాయి. పిల్ల మెడ నరాలు తేలేలా అరిచింది. దిగి వచ్చాక ఎవరో పెద్దాయన, "బాగుందమ్మా. మాటలు వినపడుంటే ఇంకా బాగుండేది," అన్నారు. దారంతా అది కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుందని తర్వాత మావాడే చెప్పాడు.

వారం తిరక్కుండానే, మా ఇంట్లో పెసరట్లు తింటూ, బ్యాండువాళ్ళందరి ముందూ ఆ మాట అనేసింది. "ఇకనుంచి నేనొక్కదాన్నే పాడుకుంటాను. నాదీ ఒక గిటారూ, అంతే. డ్రమ్స్ వద్దు." మిగతా ఇద్దరూ కాసేపు గింజుకుని ఒప్పుకున్నారు. వాళ్ళకి ఉద్యోగాలు చూసుకోవాలని అప్పటికే ఇళ్ళల్లో పోరు. మావాడు మాత్రం చేతిలోని అట్టు ముక్క అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు మేడమీద గోడలకున్న గుడ్ల అట్టలు ఒక్కొక్కటే పీకి కింద పడేశాడు. అంటుకున్న చోటల్లా సున్నం కూడా ఊడి వచ్చింది. నేను ఎవరి పక్షమని అడిగితే చెప్పలేను. అది అడిగింది న్యాయం. వాడికి తగిలిన దెబ్బా న్యాయమే. రెండు న్యాయాలు ఒకే ఇంట్లో ఉంటే ఇల్లాలికి అన్నం సహించదు.

అది ధవళేశ్వరంలో కాలవ గట్టున ఒక మేడమీద వాటా అద్దెకి తీసుకుని, చిన్న బళ్ళో పిల్లలకి పాటలు నేర్పే ఉద్యోగంలో చేరింది. వాడు దాని పేరెత్తడం మానేశాడు. మా అక్క, నేను ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు కూరల గురించే మాట్లాడుకునేవాళ్ళం. నా భయం ఒక్కటే. చుట్టరికాలు తెగిపోవడానికి పెద్ద గొడవలేం అక్కర్లేదు. ఇలాగే ఒక పండక్కి రారు, తర్వాత ఒక పెళ్ళిలో ఎదురుపడి బాగున్నారా అంటారు, ఆ తర్వాత శుభలేఖలకి మాత్రమే చుట్టాలవుతారు. నేను పెంచిన ఇద్దరు పిల్లలు అలా అయిపోతారేమోనని దేవుడి ముందు దీపం పెట్టినప్పుడల్లా ఇంకో వత్తి వేసేదాన్ని.

ఈలోగా పిల్ల మొదటి సోలో కచేరీ రాజమండ్రిలోనే, గోదావరి గట్టు మీద చిన్న హాల్లో పెట్టుకుంది. అక్కా, బావగారూ, మావారూ, నేనూ ముందు వరసలో కూర్చున్నాం. మావాడు రాలేదు. మొదటి రెండు పాటలూ ప్రాణం పెట్టి పాడింది, ప్రతి మాటా వినపడింది. మూడో పాట నుంచి ఏమైందో, పరుగు మొదలుపెట్టింది. మెయిలు బండి అందుకోవాలన్నట్టు చరణాల మీంచి దాటుకుంటూ పోయింది. మధ్యలో ఒకసారి అలవాటుగా వెనక్కి తిరిగి చూసింది. వెనకాల తెర తప్ప ఏమీ లేదు. అనుకున్న దాంట్లో సగం సేపటికే అన్నీ పాడేసి నమస్కారం పెట్టి వెళ్ళిపోతే జనం లేవలేదు. "ఇంటర్వెలాండీ?" అని నా పక్కాయన అడిగాడు. ఆటోలో నా భుజం మీద తలపెట్టి, "వాడు పట్టుకుని ఉండేవాడు పిన్నీ, పాటని. నేనే పాడుతున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ," అంది. ఇంటికి వెళ్ళేసరికి మావాడి గది తలుపు వేసి ఉంది. లోపల్నించి ఎవరో ఫోన్లో తీసి పంపిన ఆ కచేరీ పాటే వినపడుతోంది. ఒక్క చోట ఆగడం, వెనక్కి తిప్పడం, మళ్ళీ అదే ముక్క.

దీపావళి వచ్చింది, వెళ్ళింది. విదియనాడు పొద్దున్నే అత్తగారు మనవణ్ణి మంచం దగ్గరికి పిలిచారు. అప్పటికే ఆవిడ లేచి తిరగడం తగ్గిపోయింది. "అక్కింటికి వెళ్ళి భోంచేసి రా," అన్నారు. వాడు నేల చూపులు చూశాడు. "మాట్లాడమని నేననట్లేదురా. తినమంటున్నాను. శాస్త్రంలో తినమనే ఉంది, మాట్లాడమని ఎక్కడా లేదు," అన్నారు. వాడు లేచి స్నానానికి వెళ్ళాడు. "అద్దింట్లో ప్లాస్టిక్ పళ్ళేలుంటాయి, ఇది పట్టుకెళ్ళు," అని నాతో చెప్పి, కంచు పళ్లెం సంచీలో పెట్టించి, నన్ను ముందు పంపించారు.

నేను వెళ్ళేసరికి మా పిల్ల ఉపవాసంతో, తలస్నానం చేసి, పొయ్యి ముందు నిలబడి ఉంది. ఆ ఏడాది నిజంగానే తమ్ముడు అక్కింటికి రావాలి. గేటు బయటికెళ్ళి రావడం కాదు. నేను ముట్టుకోకూడదు కాబట్టి గుమ్మంలో పీట వేసుకుని, పోపు మాడుతోందనీ, చింతపండు చాలదనీ నోటితోనే వంట నడిపించాను. ఇంతలో మావాడు అరటిపళ్ళ అత్తం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. అక్కని చూడగానే వీడు ఎక్కడ వెనక్కి తిరిగిపోతాడోనని నాకు కంగారు పుట్టి, కాళ్ళు కడుక్కోగానే పీట మీద కూర్చోబెట్టి ముందు పళ్లెం పెట్టేశాను. అప్పుడు తెలిసింది, మా పిల్ల హడావుడిలో కుక్కరు మీద వెయిట్ పెట్టడం మరిచిపోయింది. ఆవిరంతా పోయి బియ్యం బియ్యంలాగే ఉన్నాయి. మళ్ళీ నీళ్ళు పోసి పెట్టింది. పళ్లెం ముందు కూర్చున్నవాడు లేవకూడదు. అది బామ్మ మాట, చిన్నప్పట్నించీ ఎముకల్లో ఇంకినది. ఖాళీ పళ్లెం ముందు వాడు, పొయ్యి దగ్గర అది, మధ్య గుమ్మంలో నేను.

వంకాయ కూర కలుపుతూ అది తనకి తెలియకుండానే కూనిరాగం తీయసాగింది. ఆ ఒడ్డున దీపం పెట్టి. వాడి వేళ్ళు పళ్లెం అంచు మీదికి వెళ్ళాయి. వాడికీ తెలియదనే అనుకుంటాను. రెండో చరణంలో దాని గొంతు పరుగందుకుంది. వాడి వేలు మాత్రం కదలని వేగంతో టింగు, టింగు అంటూనే ఉంది. కాసేపటికి ఆ గొంతు తగ్గి, తడబడి, వెనక్కొచ్చి ఆ వేలిని కలుసుకుంది.

"రెండో చరణంలో పరుగెడుతున్నావు," అన్నాడు వాడు పళ్లెంలోకి చూస్తూనే.

"తెలుసు. వెనకాల పట్టుకునేవాడు లేడుగా."

"నువ్వేగా వద్దన్నావు."

అది గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. "డ్రమ్స్ వద్దన్నానురా. నిన్ను వద్దనలేదు," అంది.

వాడు పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత, "మొదట్నుంచి పాడు. తొందరేం లేదు, అన్నం ఎలాగూ ఉడకలేదు," అన్నాడు. గరిటె చేత్తో పట్టుకుని, తలుపుకి ఆనుకుని అది పాట మొత్తం పాడింది. చివర్లో వాడు చెయ్యి తీసేశాడు. అది ఒక్కతే, పరుగెత్తకుండా, ఒడ్డుకి చేరింది. నాకు ఏడుపు ఆగలేదు. వంకాయ కూర అడుగంటిందని ముగ్గురిలో ఎవరికీ పట్టలేదు. ఆ మాడిన కూరే వాడు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. "పప్పులో ఉప్పెయ్యలేదు," అని మాత్రం అన్నాడు. "బామ్మగారు తినమన్నారంతే, మాట్లాడమనలేదు, నోర్మూసుకుని తిను," అంది అది.

వాళ్ళు మళ్ళీ బ్యాండు పెట్టలేదు. అలా పెట్టి ఉంటే కథకి బాగుండేదేమో కానీ మా పిల్లకి బాగుండేది కాదు. అది ఒక్కతే పాడుతోంది. హైదరాబాదు, బెంగుళూరు ఎక్కడెక్కడికో పిలుస్తున్నారు. మావాడు వాళ్ళ నాన్నగారిలాగే ఇరిగేషన్‌లో చేరి కాలవలకి వంతులు వేస్తున్నాడు. లేసు పాట రికార్డు చేసినప్పుడు స్టూడియోవాళ్ళు ఏవేవో వాయిద్యాలు చూపిస్తే, మా పిల్ల సంచీలోంచి, బామ్మగారిని అడిగి తీసుకెళ్ళి పాత తువ్వాల్లో చుట్టిన పళ్లెం తీసిందట. వాడు ఒక రోజు సెలవు పెట్టి వెళ్ళొచ్చాడు. పేరు వెయ్యొద్దన్నాడు. పాట కింద ఇప్పటికీ అలాగే ఉంటుంది, పళ్లెం: తమ్ముడు అని. అత్తగారు ఆ పాట ఒక్కసారి విన్నారు. చెవి దగ్గర పెడితే, "మన పళ్లెంలా ఉందే," అన్నారు. ఆవిడ వెళ్ళిపోయాక దాన్ని మా పిల్లకే ఇచ్చేశాను. ప్రతి ఏడూ విదియనాడు వాడు వెళ్ళి ఆ పళ్లెం ముందు కూర్చుంటాడు. ఆ ఏడు రాసిన పాటలన్నీ అది ముందు వాడికే వినిపిస్తుంది. ఇప్పుడు దానికి వంట బాగా వచ్చు. అయినా ఆ ఒక్క రోజు అన్నం ఆలస్యంగానే పొయ్యి మీద పెడుతుంది.

పంటు సఖినేటిపల్లి ఒడ్డుకి ఆనింది. దిగుతుంటే ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకామె ధైర్యం చేసి దగ్గరికి వచ్చింది. "నిజంగా పళ్లెమేనాండీ?" అంది. "నిజంగానే తల్లీ," అన్నాను. "అంత నెమ్మదిగా ఎలా వాయించారండీ ఆయన?" అంది. ఆకలేస్తున్నా లేవకూడదని కూర్చోబెడితే అలాగే వాయిస్తారని చెప్పాను. ఆ పిల్ల నవ్వి, నా చేతిసంచీ అందుకుని గట్టు దాకా తెచ్చిపెట్టింది. ఒడుగింటికి ఆటోలో వెళ్తూ అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. కాలం నా దగ్గర్నించి మా అత్తగారిని తీసుకుంది, మేడమీద మోతని తీసుకుంది, ఒకే చాప మీద పడుకున్న పిల్లల్ని చెరో ఊరికి పంపించింది. అయినా దాని మీద నాకు కోపం రాదు. అన్నం ఉడికేదాకా ఆ ఒక్క పూట కాలం మా కోసం ఆగింది.